తయారీదారు తెలియదు

గుడియాత్తం,
ఏప్రిల్ చివరి వారం

సుమితకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటని అనుకోకు. ఫోన్‌లో అయితే మీ అన్న పక్కన నిలబడి ప్రతి మాటకూ అడ్డం వస్తాడు. పైగా నీకు తెలుగు అక్షరాలు దిద్దించింది నేను. నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నీకు అరవం తప్ప చదవడం రాదు. ఆ పడిన శ్రమకు ఇన్నాళ్ళకైనా నాకొక పని చేసిపెట్టు.

పొదిగే మిషనులో ఉన్న గుడ్లన్నీ పోయాయి. మురిగిపోలేదు. పెంకు పగలగొట్టుకుని ముక్కు బయటపెట్టిన పిల్లలు ఆ ముక్కు బయట ఉండగానే చచ్చిపోయాయి. మధ్యాహ్నం అన్నం తిని షెడ్డు తలుపు తీసేసరికి లోపలి వేడి ముఖానికి కొట్టింది. గాలి బయటికి తోసే పెద్ద ఫ్యాను ఆగిపోయి ఉంది. సెల్వం దాని స్విచ్చు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. నా కళ్ళతో నేను చూశాను.

"ఏం చేసినావప్పా?" అంటే, "నేనేమీ చెయ్యలేదుంగక్కా. అదే నిలిచిపోయింది" అంటాడు.

మిషను కంపెనీ మనిషి ప్రభాకరన్ వచ్చి, మిషనును నడిపే కంప్యూటరు పెట్టెలోంచి ఒక కాగితం ముద్రించి ఇచ్చాడు. చేతి స్విచ్చు వాడారు, ఫ్యాను ఆగి ఉంది అని అందులో స్పష్టంగా ఉంది. మీ అన్న గేటు దగ్గరే సెల్వాన్ని ఒక దెబ్బ వేసి పంపించేశాడు. దాణా మూటలు దించే దొరై, అతని మనుషులు అక్కడే ఉన్నారు.

ఇప్పుడు సెల్వం పెళ్ళాం జయ రోజూ వచ్చి గేటు బయట నిలబడుతోంది. అరవదు, ఏమీ అడగదు. దారిన పోయేవాళ్ళు మమ్మల్నే తప్పుపట్టినట్టు చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. చచ్చిన పిల్లల్ని బుట్టలకెత్తి గుంటలో పోసింది నేను, ఆమె కాదు.

ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని మాట్లాడదామంటున్నారు. నువ్వు కంప్యూటర్ల లోపలి పని చేసేదానివి. ప్రభాకరన్ ఇచ్చిన కాగితం నకలు ఇందులో పెట్టాను. ఇది నిజమే, మిషను మాట నమ్మవచ్చు అని రాసి సంతకం పెట్టి పంపు. ఇంతకంటే నిన్నేమీ అడగను.

సురేఖ


బాగాయం, వేలూరు,
మే మొదటి వారం

సురేఖ వదినకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పిల్లల మాట చదివాక ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కానీ నువ్వడిగింది రాయలేను. నువ్వు పంపిన కాగితంలో చేతి స్విచ్చు వాడినట్టు ఉంది, ఫ్యాను ఆగి ఉన్నట్టు ఉంది. స్విచ్చు వాడడం వల్లే ఆగిందని లేదు. అది ప్రభాకరన్ నోటి మాట. పైగా ఆ కాగితం మధ్యలోంచి మొదలవుతోంది. దానికి ముందు పేజీలు ఏవి?

మిషను మాట నమ్మవచ్చని రాయమన్నావు. ఏ మిషను, ఎవరు చేసినది, ఆ వారంలో దాన్ని ఎవరు ముట్టుకున్నారు అన్నది తెలియకుండా నేను అవుననీ అనను, కాదనీ అనను. ఫ్యాను నడిపే సర్క్యూట్ బోర్డునూ, కంప్యూటరు పెట్టెలో ఉన్న మెమరీ కార్డునూ విప్పించి నాకు పంపు. ప్రభాకరన్ చేతికి మాత్రం ఇవ్వకు.

ఇంకొకటి. సెల్వం ఆ షెడ్డులో ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నాడో నాకంటే నీకే బాగా తెలుసు. ఒకసారి కూర్చోబెట్టి అడిగారా, లేక కాగితం రాగానే చెయ్యి చేసుకోవడమేనా?

సుమిత


గుడియాత్తం,
మే

సుమితకు,

ఒక సంతకం అడిగితే నాకు పాఠం చెప్పావు. అడిగారా అంటావు. అడిగాను. నేను చూస్తుండగానే స్విచ్చు మీద చెయ్యి పెట్టుకుని నేనేమీ చెయ్యలేదన్నవాణ్ణి ఇంకేం అడగాలి? నువ్వు ఆ షెడ్డులో ఒక్కరోజు నిలబడ్డావా? ఆ వాసన ఇంకా నా చీరల్లోంచి పోలేదు.

"అది ఎప్పుడూ ఇంతే. ఇంటి మనిషి మాటకంటే దానికి బయటివాళ్ళ మాట గొప్ప. బోర్డూ వద్దు గీర్డూ వద్దు" అన్నాడు మీ అన్న. ఆయన వద్దన్నాడు కాబట్టే పంపుతున్నాను. కంపెనీ వాళ్ళు కొత్త పెట్టె బిగించి పాతది మూలన పడేసి పోయారు. దాన్ని మొత్తం గోనెసంచిలో చుట్టి వేలూరు బస్సు కండక్టరుకు ఇచ్చాను. నీకు ఫోన్ చేస్తాడు, పాత బస్టాండులో తీసుకో.

బాగా చూడు. చూసి, సెల్వమే ఆపాడని తేలిన రోజు నాకు రెండు ఉత్తరాలు రాయాలి. ఒకటి సంతకంతో, ఇంకొకటి నన్ను అనుమానించినందుకు.

సురేఖ


బాగాయం, వేలూరు,
మే చివర

వదినా,

కోపంతో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

సెల్వం ఫ్యాను ఆపలేదు. తిప్పాలని చూశాడు.

ఎలాగో చెబుతాను. కంప్యూటరు లేవగానే అన్నిటికంటే ముందు లోపల ఒక ప్రోగ్రాము పని మొదలుపెడుతుంది. దాన్ని కెర్నల్ అంటాం. ఎన్నో కంపెనీలవాళ్ళం కలిసి రాస్తాం, నా ఉద్యోగమే అది. తనకు తగిలించిన ప్రతి బోర్డునూ అది అడుగుతుంది: నిన్ను చేసిన కంపెనీ ఏది? బోర్డు ఒక నంబరు చెబుతుంది. ఏ కంపెనీకి ఏ నంబరో ముందే పంచి ఉంటారు. ఒక్కో కంపెనీ బోర్డుకు ఒక్కో వంకర ఉంటుంది కాబట్టి, ఫలానా నంబరు కనబడితే ఇలా నడుచుకో అని కెర్నల్‌లో ఒక పట్టిక రాసిపెట్టుకుంటాం. ఒక పెద్ద కంపెనీ తన బోర్డులో ఫ్యాను సంకేతాన్ని తలకిందులుగా పెట్టింది. తిరగమంటే ఆగుతుంది, ఆగమంటే తిరుగుతుంది. అందుకని ఆ కంపెనీ మనిషి ఒకతను ఈమధ్యే ఆ పట్టికలో ఒక వరుస చేర్చాడు: మా నంబరు కనబడితే మాట తిరగేసి చెప్పు. వాళ్ళ బోర్డులకు అది న్యాయమే.

మీ షెడ్డులోని బోర్డు వాళ్ళది కాదు. కానీ అడిగితే వాళ్ళ నంబరే చెబుతోంది. ఎవరో ఎక్కడో అతికించి, సొంత నంబరు తీసుకోకుండా ఆ పెద్ద కంపెనీ నంబరు దొంగిలించి పెట్టేశారు. చేసినవాళ్ళ పేరు రాయాల్సిన చోట ఏముందో తెలుసా? "తయారీదారు ఇక్కడ తన పేరు నింపాలి" అని ఇంగ్లీషులో ఉంది. ఎవరూ నింపలేదు.

గుడ్లు పోవడానికి ముందురోజు రాత్రి ప్రభాకరన్ కంపెనీ మీ పెట్టెకు కొత్త కెర్నల్ పంపింది. అంతవరకూ ఆ పట్టికలో ఆ వరుస లేదు, ఫ్యాను సరిగ్గానే నడిచింది. వచ్చాక కెర్నల్ ఆ నంబరు చూసి నమ్మేసి, ప్రతి మాటా తిరగేసి చెప్పింది. చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను తిరిగింది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మధ్యాహ్నం వేడెక్కగానే తిరగమనాల్సింది ఆగమంది, అది ఆగింది. ఎంత వేడెక్కితే అంత గట్టిగా ఆగింది. చేతి స్విచ్చు కూడా ఆ కంప్యూటరు ద్వారానే పోతుంది. సెల్వం దాన్ని వేసిన ప్రతిసారీ ఫ్యాను ఆగే ఉంది. మెమరీ కార్డులో మొత్తం ఉంది: ముందు వేడి, తర్వాత అతని చెయ్యి. అతను వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. ప్రభాకరన్ చివరి పేజీ మాత్రమే ముద్రించి ఇచ్చాడు.

నా బల్ల మీద ఆ బోర్డుకు చిన్న ఫ్యాను తగిలించి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో వేడి పట్టాను. ఆగిపోయింది. ఎన్నిసార్లు పట్టినా ఆగిపోయింది.

ఇదంతా ఇంగ్లీషులో నివేదికగా రాసి సంతకం పెట్టి దీనితో పంపుతున్నాను. నువ్వడిగిన సంతకం ఇదే. సెల్వానికి చెప్పు. ముందు అతనికి చెప్పు.

సుమిత


గుడియాత్తం,
జూన్

సుమితకు,

నీ ఉత్తరం చదివి ప్రభాకరన్‌కు ఫోన్ చేశాను.

"ఆ బోర్డు యాడిది?" అన్నాను.

"మేము కొని బిగిస్తాం మేడం. చెన్నైలో ఒకాయన ఇస్తాడు."

"ఆయనకు యాడిది?"

"అది తెలియదు మేడం."

"నా షెడ్డులో నిలబడి మిషను అబద్ధం చెప్పదని చెప్పినావే, ఎవరు చేసినారో తెలియని మిషను గురించి ఏ నోటితో చెప్పినావు?"

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేను వాళ్ళ కంపెనీ గుమ్మం ముందు ఆ పాత పెట్టె పగలగొట్టి వస్తాను, చూస్తూ ఉండు.

మీ అన్నకు కూడా చదివి వినిపించాను. అంతా విని, "సరే, కంపెనీని వదలొద్దు. సెల్వం సంగతి ఎత్తొద్దు. వాణ్ణి మళ్ళీ పిలిస్తే కూలోళ్ళ ముందర నా మర్యాద ఏమి కావాల?" అన్నాడు. ఆయన కట్టడం పనుల్లో ముప్పూటలా మనుషుల్ని నడపాలి, ఒకసారి మాట పడిపోతే ఎవరూ లెక్కచేయరని ఆయన బాధ. నాకూ అది కొంత నిజమే అనిపించింది. జయ రావడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు. మెల్లగా చల్లారుతున్నదాన్ని మళ్ళీ రాజేయడం ఎందుకు? కొన్నాళ్ళు పోయాక నేనే ఎవరిచేతనైనా చెప్పిస్తాను. అంతవరకూ నువ్వు వాళ్ళతో ఏమీ మాట్లాడకు.

సురేఖ


బాగాయం, వేలూరు,
జూన్

వదినా,

జయ రావడం ఎందుకు మానేసిందో నేను చెబుతాను. నిన్న మా ఆఫీసు అమ్మాయికి తోడుగా ఆసుపత్రికి వెళ్ళాను. చెవి డాక్టరు గది బయట బెంచీ మీద జయ కూర్చుని ఉంది. పక్కన సెల్వం, తలకు కట్టుతో. నేను ఎడమ పక్కనుంచి పేరు పెట్టి పిలిస్తే అతను తిరగలేదు. జయ అతని మోకాలు తట్టింది.

ఎడమ చెవి కర్ణభేరి చిరిగి, చీము పట్టి, లోపలిదాకా పోయింది. ఆ చెవికి ఇక వినికిడి రాదన్నారట.

"ఒక దెబ్బ" అని రాశావు. నీ మొదటి ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. హెల్మెట్ అనే మాట అందులో ఎక్కడుంది? మా అన్న చేతిలో హెల్మెట్ ఉందని, దానితోనే కొట్టాడని, కింద పడ్డాక మళ్ళీ కొట్టాడని, నువ్వు గేటు పట్టుకుని నిలబడి ఉన్నావని జయ చెప్పింది. ఏడవలేదు ఆమె. "అక్క అడ్డమొస్తుందని చూసినాను" అంది, అంతే.

కెర్నల్‌లో ఆ వరుసను సరిచేస్తూ ఒక ప్యాచ్ రాసి పంపానని నీకు చెప్పలేదు. ప్యాచ్ అంటే దిద్దుబాటు. ఆ భాగం చూసుకునే పెద్దాయన ఒప్పుకుంటేనే లోపలికి పోతుంది. ఆయన తిప్పి పంపాడు. నంబరు దొంగిలించిన బోర్డు విషయంలో కెర్నల్‌కు బాధ్యత లేదన్నాడు. రెండు రోజులు పళ్ళు కొరుక్కుంటూ తిరిగాను. కానీ ఆ వరుస రాసినవాడు గుడియాత్తంలో ఒక షెడ్డు ఉందని ఎరగడు. నువ్వు అక్కడే ఉన్నావు. తెలిశాక కూడా "కొన్నాళ్ళు పోయాక" అని రాశావు.

నాకు ఇక ఉత్తరం రాయాలంటే ఆ మనిషి ఇంటికి వెళ్ళి వచ్చాక రాయి.

సుమిత


గుడియాత్తం,
జూలై మొదట

సుమితకు,

అవును, హెల్మెట్. అవును, గేటు పట్టుకుని ఉన్నాను. ఆ పూట నాకు కూడా అతణ్ణి కొట్టాలనే ఉండింది. మీ అన్న చెయ్యి లేచినప్పుడు నాకు తృప్తిగా అనిపించింది. చాలా?

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నిన్నే తిట్టుకున్నాను. నాలుగో రోజు నీ నివేదిక తీసుకుని మోర్ధానా దారిలో ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. జయ కూర్చోమనలేదు. నిలబడే మొత్తం చెప్పాను, నంబరు సంగతి, నింపని పేరు సంగతి, చివరి పేజీ సంగతి. సెల్వం కుడి చెవి నావైపు పెట్టి విన్నాడు.

అంతా అయ్యాక, "ఇది నాకు ముందే తెలుసుక్కా. నేను ఆపలేదని నాకు తెలీదా? తెలియంది మీకు. నాకెందుకు చెప్తావు?" అన్నాడు.

ఏం కావాలి అని అడిగాను.

"గేటు ముందర కొట్టినాడు. దొరై ఉన్నాడు, వాళ్ళ మనుషులందరూ ఉన్నారు. ఆడనే, వాళ్ళ ముందరే, సెల్వం తప్పు చెయ్యలేదని ఆయన నోటితో చెప్పాల. నువ్వు చెప్తే కాదు. కాగితం ఇస్తే కాదు."

"చెప్పకపోతే?"

"అప్పుడు స్టేషనుకు పోతాం" అంది జయ. "డాక్టరు కాగితాలు ఉండాయి. ముందు మాట అడుగుదామని ఈయనే పట్టు పట్టినాడు."

ఇంటికొచ్చి మీ అన్నకు చెప్పాను. తింటున్న కంచం నెట్టేసి, "నా ఇంట్లో నా పెళ్ళామే నన్ను తల దించమంటాదా?" అన్నాడు. నేను షెడ్డుకు తాళం వేశాను. "నువ్వు ఆ మాట చెప్పేదాకా ఒక్క గుడ్డు కూడా లోపల పెట్టను" అన్నాను. ఆయన బట్టలు సర్దుకుని మేల్పాడిలో కడుతున్న ఇంటి దగ్గరికి పోయాడు. మేస్త్రీలతో అక్కడే ఉంటున్నాడు. ఉండనీ.

సురేఖ


బాగాయం, వేలూరు,
జూలై చివర

వదినా,

వెళ్ళినందుకు సంతోషం అని రాయను. వెళ్ళాల్సిందే. కానీ తాళం వేసిన మాట చదివి, చాలా రోజుల తర్వాత నువ్వు నా వదినవి అనిపించింది.

ప్యాచ్ సంగతి ముందు. ఆ పెద్దాయనకు మళ్ళీ రాశాను. ఈసారి తిట్టలేదు, తిడుతూ రాసింది చింపేశాను. మెమరీ కార్డులోని లెక్కంతా పెట్టి, ఆ గదిలో ఏమున్నాయో, ఏమయ్యాయో రాశాను. ఆయన ఒక్క ప్రశ్న వేశాడు: నంబరునే నమ్మలేకపోతే, ఎవరు చేసిన బోర్డో గట్టిగా ఎలా తేలుస్తావు? అది సరైన ప్రశ్న. గట్టిగా తేల్చలేం. కాబట్టి కంపెనీ నంబరు, బోర్డు నమూనా నంబరు, లోపల రాసిన పేరు మూడూ కలిస్తేనే మాట తిరగేయాలి. ఒక్కటి తప్పినా ఏమీ తిరగేయకుండా, తయారీదారు తెలియదు అని రాసి ఊరుకోవాలి. దొంగ బోర్డు మూడింటినీ దొంగిలిస్తే అప్పుడూ మోసపోతాం, ఆ మాట కూడా దాచకుండా రాశాను. మొదటి వరుస రాసిన కంపెనీ మనిషి తన దగ్గరున్న బోర్డుల మీద పరీక్షించి, బాగుందని తన పేరు కూడా చేర్చాడు. ప్యాచ్ లోపలికి పోయింది.

ప్రభాకరన్ కంపెనీ మా ఆఫీసుకు ఖాతాదారు అట. నివేదికలోంచి వాళ్ళ పేరు తీసేయమని మా మేనేజరు అడిగాడు. తీయనన్నాను. నన్ను కెర్నల్ పని నుంచి తప్పించి టికెట్ మిషన్ల పనిలో వేశారు. వేయనీ.

ఆదివారం బోర్డూ, చిన్న ఫ్యానూ, డ్రయ్యరూ సంచిలో వేసుకుని మేల్పాడి వెళ్ళాను. సగం కట్టిన గోడల మధ్య మంచం వేసుకుని అన్న పడుకుని ఉన్నాడు. "మీ వదిన పంపిందా?" అన్నాడు. ఎవరూ పంపలేదన్నాను. ఇటుకల మీద అన్నీ బిగించి, "స్విచ్చు నువ్వే వెయ్యి" అన్నాను.

వేడి పట్టాను. ఫ్యాను ఆగింది. అన్న స్విచ్చు వేశాడు. తిరగలేదు. తీసి మళ్ళీ వేశాడు. తీగలు కదిలించి చూశాడు. మళ్ళీ మళ్ళీ వేశాడు. మేస్త్రీలు పని ఆపి చూస్తున్నారు. వాళ్ళలో ఒకతను, "ఏమిన్నా, ఫ్యాను ఆపేసినావా?" అన్నాడు ఊరికే, నవ్వుతూ.

అన్న స్విచ్చు మీదినుంచి చెయ్యి తీసేశాడు. నేను సంచి సర్దుకుని బస్సెక్కేదాకా ఆ మంచం మీదే కూర్చుని ఉన్నాడు.

సుమిత


గుడియాత్తం,
ఆగస్టు

సుమితకు,

మీ అన్న వచ్చాడు. ఇంట్లోకి రాకుండా నేరుగా షెడ్డు గేటు దగ్గరికి వెళ్ళి, సెల్వాన్ని పిలిపించమని దొరైకి చెప్పాడు. జయ కూడా వచ్చింది. మూటలు మోసేవాళ్ళందరినీ దొరై పని ఆపించి నిలబెట్టాడు. నేను తాళంచెవి పట్టుకుని గేటు లోపలే ఉన్నాను. ఈసారి గేటు పట్టుకోలేదు.

మీ అన్న నేల చూస్తూ గొణిగాడు. పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు.

సెల్వం అన్నాడు: "ఈ పక్క వినబడదుంగన్నా. గట్టిగా చెప్పండి."

మీ అన్న ముఖం నల్లబడింది. తిరిగి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. వెళ్ళలేదు. తలెత్తి, రోడ్డు మీదికి వినబడేలా, "సెల్వం ఫ్యాను ఆపలేదు. తిప్పాలని చూసినాడు. నేను తెలుసుకోకుండా కొట్టినాను. తప్పు నాది" అన్నాడు.

దొరై తన మనుషుల్ని మళ్ళీ మూటల దగ్గరికి పంపాడు.

నేను సెల్వాన్ని పనిలోకి రమ్మన్నాను. రానన్నాడు. మరమగ్గాల షెడ్డులో చేరాడట. "ఆడ ఎట్లాగూ ఎవరి మాటా ఎవరికీ వినబడదుక్కా" అన్నాడు. కోపంగా అన్నాడో మామూలుగా అన్నాడో నాకు తెలియలేదు. మీ అన్న చెయ్యి చాపితే పట్టుకోలేదు.

జయ మాత్రం ఒక షరతు పెట్టింది. స్టేషనుకు పోదు, కానీ వేలూరు ఆసుపత్రికి వెళ్ళాల్సిన ప్రతిసారీ మీ అన్నే సెల్వాన్ని తీసుకెళ్ళి, లోపల డాక్టరు దగ్గర కూర్చుని, ఎలా తగిలిందని అడిగితే తన నోటితో చెప్పాలి. మీ అన్న ఒప్పుకున్నాడు. నిన్న మొదటిసారి బండి మీద వెళ్ళి వచ్చారు.

రాత్రి మీ అన్న అన్నం పెట్టమన్నాడు. పెట్టాను. నాతో మాట్లాడాలని చూశాడు. నేను లేచి గిన్నెలు సర్దాను. ఆయన మీద ఎంత కోపముందో నా మీదా అంతే ఉంది, అది ఎప్పుడు పోతుందో చెప్పలేను.

పొద్దున షెడ్డు తెరిచి గుడ్లు పెట్టాను. ఫ్యానుకు కంప్యూటరుతో సంబంధం లేకుండా నేరుగా కరెంటు నుంచి ఒక స్విచ్చు పెట్టించాను. మధ్యాహ్నాలు లోపల కూర్చునే మనిషి ఇంకా దొరకలేదు. అంతవరకూ నేనే కూర్చుంటున్నాను.

సురేఖ